వాగు అవతలి గట్టు

“మోకాళ్ళ ఎక్స్‌రే ఏదైనా ఉందా అమ్మా?” అని అడిగాడు అతను.

“పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కూడా ఇంత లోతుగా అడగరు బాబూ,” అంది పెద్దావిడ.

లోయ దారుల ఆఫీసు అంటే ఒకటే గది. గోడ నిండా మేకులు, మేకులకు తాళ్ళ చుట్టలు, పొయ్యి పక్కన ఆరబెట్టిన బూట్లు. తడి తోలు వాసన గదంతా పట్టేసి ఉంది. అతను బల్లమీద పొడుగాటి రంపం పెట్టుకుని ఆకురాయితో సాన పడుతున్నాడు. విరిగిపడ్డ చెట్లు కోసి దారి చేయడం, నడవడానికి వచ్చినవాళ్ళను లోయలోకి తీసుకెళ్ళి మళ్ళీ పైకి తీసుకురావడం అతని ఉద్యోగం. తిరిగి రానివాళ్ళను వెతకడం కూడా ఆ ఉద్యోగంలోదే.

“అది సాయంత్రం షికారు కాదమ్మా,” అన్నాడు. “కుర్రవాళ్ళయితే ఒక్కరోజులో దిగి ఎక్కేస్తారు. మీకైతే దిగడానికి ఒక రోజు, ఎక్కడానికి ఇంకో రోజు. రాత్రి కింద షెల్టర్‌లో పడుకోవాలి. చాలాచోట్ల మెట్లుండవు, చెట్ల వేళ్ళు పట్టుకుని దిగాలి.”

“నన్ను మోసుకెళ్ళమన్నానా?”

“దిగేటప్పుడు మీరే దిగుతారు. ఎక్కేటప్పుడు నేను మోయాల్సొస్తుంది.”

గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. లోపలికి కూడా రాలేదు.

“మా ఇంట్లోవాళ్ళని మోయడం మీకు కొత్తేం కాదుగా,” అంది.

ఆకురాయి ఆగింది. అతను తలెత్తి ఆమెను చూశాడు. చూసి, రంపం పక్కన పెట్టేసి లేచి నిలబడ్డాడు.

మూడేళ్ళ కిందట ఆమె భర్త ఒంటరిగా ఈ లోయలోకి నడకకు వెళ్ళాడు. మరునాడు అతణ్ణి స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు, మొహం మీద గుడ్డ కప్పి. తెచ్చినవాళ్ళలో ఇతనూ ఒకడు. ఈ ఆఫీసు ముందే ఆమె ఇతని చొక్కా చెయ్యి పట్టుకుని, “చాలా బాధ పడ్డాడా?” అని అడిగింది. “లేదండీ. పడగానే పోయారు. ఏమీ తెలిసుండదు,” అన్నాడు ఇతను. ఈ మూడేళ్ళూ ఆమె ఆ ఒక్క మాటనే పట్టుకుని బతికింది.

“ఇంతకీ మీరక్కడికి ఎందుకెళ్ళాలనుకుంటున్నారు?” మెల్లగా అడిగాడు.

“నా కొడుకు పడ్డ చోటు నేను చూడలేదు. నాకు కాళ్ళు ఆడుతుండగానే చూడాలి,” అంది పెద్దావిడ. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఒకప్పుడు వార్డులో కుర్ర డాక్టర్లు ఆవిడ చెప్పుల చప్పుడు వింటే సర్దుకుని నిలబడేవారట. ఆ గొంతు ఇంకా అలాగే ఉంది. “తీసుకెళ్తావా, లేకపోతే దారి కనుక్కుని మేమే పోవాలా?”

అతను చాలాసేపు మాట్లాడలేదు.

“ఒక షరతు. ముందు సెలవురోజుల్లో వచ్చి పైన చిన్న దారులు నడవండి. ఉదయం వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు. మీ మోకాళ్ళు ఒప్పుకుంటే అప్పుడు కిందికి.”

బయటికొచ్చాక పెద్దావిడ కోడలితో అంది: “ముంగిలా ఉన్నాడు. అడిగిన ప్రతిదానికీ అరగంట ఆలోచిస్తాడు.”

ఆ రోజునుంచి వాళ్ళింట్లో అతని పేరు ముంగి.

*

మొదటి నడకలోనే కోడలి మడమ బొబ్బలెక్కింది. బూటు విప్పి ఒక పడిపోయిన మాను మీద కూర్చుంది.

“బూట్లు కొత్తవా?” అడిగాడు ముంగి.

“ఆఁ.”

“ఇంట్లో నాలుగు రోజులు తొడుక్కుని తిరిగుండాల్సింది.”

“ఇంట్లో బూట్లేసుకు తిరిగితే మా అత్తయ్య ఊరుకుంటుందా?”

“నా మీద పెట్టకు. అడిగి చూశావా?” వెనకనుంచి అత్తగారి గొంతు.

అతను నవ్వు ఆపుకుంటూ పట్టీ అందించాడు. తను వేస్తాననలేదు. పక్కకు తిరిగి చెట్లకేసి చూస్తూ నిలబడ్డాడు. అది ఆమెకు నచ్చింది. నచ్చిందని తెలియగానే చిరాకు పుట్టింది.

సెలవు వచ్చిందంటే ఇద్దరూ బస్సెక్కేవారు. నాచు పట్టిన బండలమీద పాదం అడ్డంగా వేయాలని, దిగుడులో కర్ర ముందు వేసి తర్వాత కాలు వేయాలని, తడి వేళ్ళను నమ్మకూడదని ముంగి నేర్పాడు. పెద్దావిడ మోకాళ్ళు మెల్లగా దారికొచ్చాయి. అయినా కొన్నిచోట్ల మాత్రం ఆవిడకు ఉన్నట్టుండి మోకాలు పట్టేసేది. “మీరిద్దరూ ముందు నడవండి, నేను మెల్లగా వస్తా” అనేది. మలుపు తిరిగాక కోడలు వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ చకచకా నడిచొస్తూ కనిపించేది. వీళ్ళు చూడటం చూసి మళ్ళీ కుంటేది.

ఒకరోజు వాన పట్టుకుంది. ముగ్గురూ ఒక వంగిన బండ కిందికి దూరారు. బండ అంచునుంచి నీళ్ళు తెరలా దిగుతున్నాయి.

“మీరేం చేస్తుంటారు?” అడిగాడు. అన్ని వారాల తర్వాత అతను అడిగిన మొదటి సొంత ప్రశ్న అది.

“పళ్ళు.”

“డాక్టరా?”

“కాదు. డాక్టరు పీకుతాడు, నేను చేస్తాను. ల్యాబ్‌లో. కట్టుడు పళ్ళు.”

“ఊళ్ళో సగంమందికి ఇది నవ్వులు తయారుచేసి పంపుతుంది,” అంది అత్తగారు చీర అంచు పిండుకుంటూ. “దీనికి మాత్రం ఒక్కటీ మిగల్లేదు.”

కోడలు వినిపించుకోనట్టు వానకేసి చూసింది. కానీ ఎదుటివాళ్ళ పళ్ళు చూడటం ఆమె వృత్తి జబ్బు. అతను మాట్లాడినప్పుడల్లా ఆమె చూపు అతని నోటి దగ్గరే ఆగేది. ముందు రెండు పళ్ళ మధ్య సన్నటి సందు. మాట మధ్యలో అతను ఆ చూపు గమనించాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెప్తున్న మాట మరిచిపోయాడు.

“ఏమైంది?” అందామె.

“ఏం లేదు. మీరు… అలా చూస్తుంటే…”

“పళ్ళు చూస్తున్నానండీ.”

“ఓ,” అన్నాడు, కాస్త దిగాలుగా.

ఆమెకు నవ్వొచ్చింది. పైకే నవ్వేసింది. ఆ నవ్వు బండకు తగిలి తిరిగొచ్చింది. అదే లోయ. తన మనిషిని మింగిన లోయ. నవ్వు గొంతులోనే చచ్చిపోయింది.

ఆ వారంలో ల్యాబ్‌లో ఎవరో పెద్దాయన కోసం మైనంలో ముందు పళ్ళు అమర్చి చూసుకుంటే, మధ్యలో సన్నటి సందు వదిలి ఉంది. ఆ పెద్దాయన పళ్ళకు సందు లేదు. ఎవరూ చూడకముందే మైనం కరిగించి మళ్ళీ మొదటినుంచి అమర్చింది.

*

చివరికి ఒక శనివారం పొద్దున్నే ముగ్గురూ పెద్ద బ్యాగులు తగిలించుకుని లోయలోకి దిగారు. పెద్దావిడ బ్యాగులో బరువంతా ముంగి తన దాంట్లోకి మార్చుకున్నాడు. కిందికి వెళ్ళేకొద్దీ వెలుతురు పలచబడింది. చెట్ల మొదళ్ళు నల్లగా, తడిగా. ఎక్కడో కింద వాగు చప్పుడు. ఆ దారిలో ఎవరికీ హాస్యాలు రాలేదు.

మధ్యాహ్నానికి అడుగు చేరారు. ఇవతలి గట్టున రాళ్ళతో కట్టిన చిన్న షెల్టర్. వాగు అప్పుడు మోకాలి లోతు కూడా లేదు. వరసగా పేర్చిన బండలమీద కాలు వేసుకుంటూ అవతలికి దాటారు. అవతలి కొండ వాలులో, కాస్త ఎత్తున ఇంకో బాట పోతుంది. దాని కింద, నీళ్ళకు మనిషెత్తు పైన, అరుగులాంటి వెడల్పాటి బండ.

“ఇక్కడే,” అన్నాడు ముంగి.

పెద్దావిడ ఆ బండ మీద కూర్చుని అరచేత్తో దాన్ని తడిమింది, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు. కోడలు తలెత్తి పైకి చూసింది. చాలాసేపు చూసింది.

“ఎక్కడ్నుంచి పడ్డాడు?”

“ఆ బాట మలుపు దగ్గర.”

“ఆ వేళ్ళు కనిపిస్తున్నాయే, అక్కడా?”

“అవును.”

ఆమె ఇన్నాళ్ళూ అగాధాన్ని ఊహించుకుంది. అది రెండంతస్తుల మేడంత ఎత్తు కూడా లేదు. మధ్యలో పొదలున్నాయి, ఒరిగిన చెట్టొకటుంది.

“ఇక్కణ్ణుంచి పడితే వెంటనే పోతారా?” అంది.

అతను బ్యాగు పట్టీ సర్దుకున్నాడు.

“మిమ్మల్నే. పడగానే పోయాడన్నారు కదా.”

అతను నేలకేసి చూస్తూ, “పోలేదు,” అన్నాడు. “మేం వచ్చేసరికి చల్లబడిపోయారు. కానీ పడగానే కాదు. చాలాసేపు ఉన్నారు. కోటు మడిచి తలకింద పెట్టుకున్నారు. కాలికి బెల్టుతో కట్టు ఉంది.”



“అది నాకు తెలుసు,” అంది అత్తగారు.

కోడలు గిరుక్కున తిరిగింది.

“ఒళ్ళు తుడిచింది నేనే కదా. కట్టు గుర్తు చూశాను. రక్తం ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో ఒంటిమీద తెలిసిపోతుంది. జన్మంతా చేసింది ఆ పనే.” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. “కట్టు సరిగ్గానే కట్టుకున్నాడు. చిన్నప్పుడు నేను నేర్పినట్టే. లోపల ఏం చితికిందో దాన్ని మాత్రం ఆపలేకపోయాడు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు తెల్లారేదాకా ఫోన్ చేయలేదని ఏడుస్తున్నావు కాబట్టి.”

ఆ మాటతో కోడలు బండమీదే కూలబడింది. నిజమే. ఆ రోజు చీకటి పడినా అతను రాలేదు. వేళకు రావడం అతని ఒంటిలో లేదు, దారిలో ఎవరో దొరికి కబుర్లలో పడ్డాడనుకుంది. కోపంగా పడుకుంది. పొద్దున లేచి చూస్తే పక్క ఖాళీ. అప్పుడు లోయ దారుల ఆఫీసుకు ఫోన్ చేసింది.

“అంటే నేను సాయంత్రమే చేసుంటే…”

“చేసున్నా లాభం ఉండేది కాదు,” అన్నాడు ముంగి గబగబా. “ఆ సాయంత్రం పైన పెద్ద వాన. వాగు పొంగింది. తెల్లారేదాకా ఎవరూ దాటగలిగేవాళ్ళు కాదు.”

ఆమె అతనికేసి చూసిన చూపులో ఇన్ని వారాల చనువు ఒక్క చుక్క మిగల్లేదు.

“మొదటిసారి నా మంచికోసం ఒక మాట చెప్పారు. ఇది కూడా నా మంచికోసమే చెప్పట్లేదని ఏమిటి నమ్మకం?”

అతను తలెత్తి చూశాడు. పైన మబ్బు కమ్ముకుంటోంది. “వాన వచ్చేలా ఉంది, దాటేద్దాం,” అన్నాడు అంతే.

*

వాన దిగింది. షెల్టర్ గుమ్మంలో కూర్చున్న ఆమె కళ్ళముందే వాగు రంగు మారింది. మొదట బండల అంచులు మునిగాయి. తర్వాత బండలే కనబడలేదు. కాసేపటికి మానులు కొట్టుకొస్తున్నాయి. లోయ మొత్తం ఒకే హోరు.

చీకటి పడబోతుండగా ఈల వినిపించింది. అవతలి గట్టునుంచి. ఆగి, మళ్ళీ.

ముంగి టార్చి వేశాడు. అవతల, కాస్త దిగువన, రాళ్ళ మధ్య ఒక మనిషి చెయ్యి ఊపుతున్నాడు. ఒంటరిగా నడకకొచ్చిన లెక్కల మాస్టారు. వానలో షెల్టర్ చేరాలని పై బాటనుంచి అడ్డంగా దిగబోయి జారాడు. కాలు విరిగింది. అదంతా అరుపుల్లో, ముక్కలు ముక్కలుగా తెలిసింది.

ముంగి వైర్‌లెస్‌లో మాట్లాడాడు. అవతలి బాట మీద కొండచరియ విరిగిపడింది, తెల్లారేలోపు మనుషులు దిగలేరు అన్నారు. అతను తాడు ఒక కొస చెట్టుకు కట్టి, రెండో కొస నడుముకు కట్టుకున్నాడు.

“మధ్యాహ్నమే కదా, వాగు పొంగితే ఎవరూ దాటలేరన్నారు,” అందామె.

“అన్నాను.”

“మరి?”

“మనిషి కనిపిస్తుంటే కూర్చోలేం కదండీ. తాడు పట్టుకోండి. నేను చెయ్యెత్తితే లాగండి.”

అతను నడుము లోతుదాకా వెళ్ళాడు. ఇంకో అడుగు వేశాడు. అంతే, మనిషి కనిపించలేదు. చెయ్యెత్తే వ్యవధి కూడా దొరకలేదు. తాడు ఆమె అరచేతుల్ని కోసుకుంటూ జారింది. అత్తాకోడళ్ళిద్దరూ మడమలు బురదలో గుచ్చి లాగారు. అత్తగారు పళ్ళబిగువున ఏవేవో తిట్లు తిడుతూ లాగింది. మోకాళ్ళ మాట ఆవిడకు గుర్తు లేదు. చివరికి అతను గట్టుకు కొట్టుకొచ్చి, నీళ్ళు కక్కుతూ పడ్డాడు. నోరంతా రక్తం. ముందు పన్ను సగం విరిగిపోయింది.

ఊపిరి అందగానే మళ్ళీ లేవబోయాడు. ఆమె తాడును తన చేతికి రెండు చుట్లు చుట్టుకుంది.

“చాలు,” అంది. “చూశాను.”

అత్తగారు అప్పటికే గట్టు అంచున నిలబడి, వార్డు అంతా వినపడే గొంతుతో అవతలికి ఆజ్ఞలిస్తోంది. కాలి పక్కన కర్ర పెట్టి కట్టుకోమంది. తడి చొక్కా విప్పేసి బ్యాగులో పొడి బట్టలు వేసుకోమంది. వెనక్కి తిరిగి కోడలితో అంది: “ఆ అవతలివాణ్ణి నిద్రపోనివ్వకు. మాట్లాడిస్తూనే ఉండు.”

“ఏం మాట్లాడను?”

“ఏదో ఒకటి. లెక్కల మాస్టారట.”

కోడలు చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అరిచింది. “మాస్టారూ, పదిహేడో ఎక్కం చెప్పండి.”

అవతలినుంచి, ఆ హోరులోంచి సన్నగా, వణుకుతూ ఎక్కం మొదలైంది. మధ్యలో తడబడితే ఈమె మళ్ళీ మొదటినుంచి చెప్పించింది. ఆయన తప్పు చెప్పాడో, ఈమెకే రాదో ఇద్దరికీ తెలియదు. తర్వాత పంతొమ్మిదో ఎక్కం. తర్వాత ఇంట్లోవాళ్ళ సంగతులు. మాస్టారి అబ్బాయికి లెక్కలు రావని, అది చెప్పుకోలేని బాధని కూడా లోయంతా తెలిసింది.

వాన సన్నబడింది. అత్తగారు గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. ముంగి గుడ్డ నోటికి అదుముకుని కోడలికి కాస్త దూరంలో కూర్చున్నాడు.

“నేను ఆ సాయంత్రం ఫోన్ చేసుంటే మీరు ఇలాగే వచ్చి కూర్చునేవారు,” అందామె వాగుకేసి చూస్తూ.

“అవును.”

“అతను బతికేవాడు కాదు.”

“కాదు.”

“కానీ ఇలా ఎవరో ఒకరి గొంతు వినపడేది అతనికి. ఒంటరిగా పోయేవాడు కాదు.”

చాలా జవాబులు ఉన్నాయి. గాలి అటు ఉంటే వినపడదు అనొచ్చు. స్పృహ ఉండేది కాదు అనొచ్చు. ముంగి ఎప్పటిలాగే చాలాసేపు ఆలోచించాడు.

“అవునండీ,” అన్నాడు. “వినపడేది.”

ఆమె మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. మూడేళ్ళలో ఆమెకు ఎవరూ ఇవ్వని జవాబు అది. అతను దగ్గరికి జరగలేదు, ఊరుకోమనలేదు. అవతలినుంచి మాస్టారు పిలిస్తే ఆమె బదులు తనే అరిచి పలికాడు.

తెల్లవారేసరికి వాగు తగ్గింది. బండల తలలు మళ్ళీ బయటపడ్డాయి. ముగ్గురూ ఒకే తాడుకు కట్టుకుని దాటారు. మాస్టారు నీలంగా మారి, పళ్ళు కొట్టుకుంటూ, ఇంకా ఏదో లెక్కపెడుతున్నాడు. బతికే ఉన్నాడు. తర్వాత ఆయన కాలు దక్కింది గానీ పాదం కాస్త పక్కకు తిరిగే ఉండిపోయింది.

*

పైకొచ్చాక ఆమె ముంగితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా బస్సెక్కింది. ఇంట్లో అత్తగారితోనూ మాటల్లేవు. ఇద్దరాడవాళ్ళు, ఒక వంటగది, గిన్నెల చప్పుడు.

“తిట్టేదేదో తిట్టెయ్యవే,” అంది అత్తగారు ఒకరోజు. “నువ్వు తిట్టేదాకా నాకు ముద్ద దిగేట్టు లేదు.”

“మీరు ఒక్కరే మోశారు కదా అత్తయ్యా, ఇన్నాళ్ళూ. నాకు చెప్పుంటే ఇద్దరం మోసేవాళ్ళం.”

“చెప్పుంటే నువ్వు మిగిలేదానివా?”

కోడలు అత్తగారి కంచం దగ్గరికి జరిపి కూర్చుంది. అంతటితో మాటలు కలిశాయి.

కొన్ని వారాలకు ల్యాబ్ తలుపు తోసుకుని ముంగి వచ్చాడు. చేతిలో డాక్టరు రాసిచ్చిన చీటీ. పన్ను రంగు కలపడానికి మనిషినే పంపారు. తెల్లటి ప్లాస్టర్ దుమ్ము మధ్య అతను అడవి తప్పిపోయినవాడిలా నిలబడ్డాడు.

“కూర్చోండి. నోరు తెరవండి.”

తెరిచాడు. ఆమె రంగుల పళ్ళ వరస అతని పెదవి దగ్గర పెట్టి ఒక్కొక్కటీ పోల్చి చూసింది.

“మీతో ఒక మాట…” అన్నాడు.

“నోరు మూయకండి.”

“ఆఁ…”

“ఇప్పుడు మీరు చెప్పలేరు కాబట్టి నేనే చెప్తాను,” అందామె, కళ్ళు పన్ను మీదే ఉంచి. “మీరంటే నాకిష్టం. ఆ వానలో బండ కింద నిలబడ్డ రోజునుంచీ. కానీ మా అత్తయ్యని వదిలి నేను రాను. ఇంకోటి, ఆ లోయలోకి మనిషిని పంపి గడియారం చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. ఒకసారి కూర్చున్నాను. చాలు.”

రంగు కుదిరింది. ఆమె చేయి తీసేసింది.

అతను మెల్లగా నోరు మూసుకున్నాడు. “ఉద్యోగం మానేస్తానని చెప్పొచ్చు,” అన్నాడు. “చెప్తే అబద్ధం అవుతుంది. ఎవరైనా ఈల వేస్తే వెళ్తాను.”

“తెలుసు.”

“సందు ఉంచుతారా, మూసేస్తారా?”

ఆమెకు ముందు అర్థం కాలేదు. పళ్ళ మధ్య సందు గురించి. “ఉంచుతాను,” అంది.

పన్ను తయారైంది. డాక్టరు పెట్టేశాడు. ఆ తర్వాత అతను రాలేదు, ఆమె వెళ్ళలేదు. కానీ వాన చినుకు పడితే చాలు, ల్యాబ్‌లో ఆమె చేతిలో మైనం చెక్కే కత్తి ఆగిపోయేది.

అలాంటి ఒక వాన సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి వరండాలో అత్తగారు పీట మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

“ఎక్కడికి అత్తయ్యా?”

“లోయలో ఎవరో పిల్లలు చిక్కుకున్నారట. రేడియోలో చెప్పారు. వెతకడానికి ముంగి పొద్దున దిగాడట. ఆఫీసు ఫోన్ ఎత్తట్లేదు, వాడిదీ మోగట్లేదు.”

“మీరెందుకు ఫోన్ చేశారు?”

“ఎందుకో నాకేం తెలుసు? చేశాను.” ముడి చేతికి దొరకడం లేదు. ఆవిడ వేళ్ళు వణకడం కోడలు ఇంతకుముందెప్పుడూ చూడలేదు. “ఊరికే కూర్చుని కిటికీలోంచి చూడటం నావల్ల కాదు. నువ్వొస్తే రా, లేకపోతే లేదు.”

కోడలు వంగి ఆవిడ లేసులు కట్టింది. తన బూట్లు తెచ్చుకుంది. ఆఖరి బస్సు దొరికింది.

ఆఫీసులో పొయ్యి మండుతోంది. దుప్పట్లు కప్పుకుని ఇద్దరు కుర్రాళ్ళు ముక్కులెగబీలుస్తూ కూర్చున్నారు. వాళ్ళ పక్కన ముంగి, తల తుడుచుకుంటూ. బల్లమీద నీళ్ళు కారుతున్న అతని ఫోను. గాలికి ఆఫీసు లైను కూడా తెగిందట.

“మీరా? ఇంత వానలో ఎందుకు…” అని లేచాడు.

పెద్దావిడ తిన్నగా వెళ్ళి అతని వీపుమీద ఒక్కటి చరిచింది. ఇంకోటి చరిచింది. మూడోది చరచబోయి, అతని తడి చొక్కా పిడికిట పట్టుకుని దానికి నుదురు ఆనించింది. కొడుకు ఒళ్ళు తుడిచిన రోజున, ఆ బండను తడిమిన రోజున రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. కుర్రాళ్ళు భయపడి ముక్కులెగబీల్చడం మానేశారు.

అతను ఏం చేయాలో తెలియక కోడలికేసి చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడలేదు. లోపలికొచ్చి, అత్తగారి వీపుమీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో అతని చెయ్యి పట్టుకుంది. పొయ్యి దగ్గరున్నా ఆ చెయ్యి ఇంకా చల్లగానే ఉంది.

చాలాసేపటికి పెద్దావిడ తలెత్తి ముక్కు తుడుచుకుంది.

“ఇంటికొచ్చెయ్,” అంది అతనితో, వార్డు గొంతుతో. “దీన్ని పెళ్ళి చేసుకుని మా ఇంటికే వచ్చెయ్. లోయలోకి వెళ్ళొద్దని నేననను. అన్నా నువ్వు వినవు. కానీ నువ్వు వెళ్ళిన రోజున ఎదురుచూడటానికి ఇది ఒక్కతే ఉండకూడదు. ఇద్దరం ఉంటాం.”

ముంగి ఎప్పటిలా ఆలోచించలేదు. “సరేనమ్మా,” అన్నాడు వెంటనే.